బోస్త్యావ్ గారి తవుడు రొట్టె

కార్మోనా,
జూన్ 20

ప్రియమైన వదినకి,

పియెదాద్ రాస్తున్నాను, నీ తమ్ముడు రుజార్ భార్యని. పెళ్ళయిన కొత్తలో ఒకసారి మీ సిస్టర్ల మఠానికి వచ్చి, కటకటాల అవతల నుంచి నీ గొంతు మాత్రం విని వెళ్ళాను. పద్నాలుగేళ్ళయింది. ఇన్నేళ్ళకి గుర్తొచ్చానా అనుకుంటావు. అబద్ధం చెప్పను, అవసరం కొద్దీ గుర్తొచ్చావు. నీకు ఫోను ఉండదు కాబట్టి బడి వదిలేశాక మొదటిసారి ఇంత పెద్ద కాగితం తీసుకుని కూర్చున్నాను.

మామయ్య తిండి మానేశారు. రెండేళ్ళ కిందట మోకాళ్ళు మొరాయించి రొట్టెల బట్టీ ఆర్పేసిన సంగతి రుజార్ నీకు రాసే ఉంటాడు. అప్పటినుంచి వ్యానులో వచ్చే రొట్టె ఏది పెట్టినా ఒక ముక్క కొరికి పక్కన పెట్టేవారు. "ఇది రొట్టె కాదే, తలగడలో దూది" అనేవారు. సరే, చాదస్తం అనుకున్నాను. ఈస్టర్ దాటాక అన్నం కూడా వద్దన్నారు. ఇప్పుడు గంజి తప్ప ఏదీ దిగడం లేదు. మొన్న డాక్టరు దగ్గర తూకం వేస్తే నలభై ఒక్క కిలోలు. ఒకప్పుడు రెండు పిండి బస్తాలు ఒకే విడత ఎత్తిన మనిషి. "గొంతులో జబ్బేం లేదమ్మా, ఆయనకి తినాలని లేదు, అంతే. గంజి మీద ఈ వానాకాలం గట్టెక్కడం కష్టం" అన్నాడు డాక్టరు.

ఇప్పుడు అసలు సంగతి. మే నెలలో చర్చి పండగ సంతలో హౌసీ అని అంకెల ఆట ఆడితే నాకు ఎయిర్ ఫ్రయర్ వచ్చింది. నువ్వు చూసి ఉండవు. నీళ్ళ బిందెంత నల్ల పెట్టె. నిప్పూ లేదు, పొగా లేదు. లోపల కమ్మీ ఎర్రగా కాలుతుంటే పైనుంచి ఫ్యాను ఆ వేడి గాలిని గిరగిరా తిప్పుతుంది. కింద జానెడు బుట్ట. దాంట్లో, ఊరంతా బోస్త్యావ్ గారి తవుడు రొట్టె అని కొనుక్కున్న మామయ్య రొట్టె కాల్చి పెట్టాలని నా బుర్రలో పుట్టింది. పుట్టింది కానీ, ఎలా చెయ్యాలో నాకు తెలియదు. ఈ పద్నాలుగేళ్ళలో ఆ పిండి తొట్టిలో నన్ను వేలు పెట్టనివ్వలేదు. కల్లుగీత ఇంటి పిల్లని కదా, నా చెయ్యి తగిలితే రొట్టెలు కాల్చే పొదేర్ల పరువు పోతుందనుకున్నారేమో. పిండి పులియడానికి కల్లు మాత్రం మా నాన్న చెట్టుదే కావాలి.

నువ్వు కన్నకూతురివి. నీకు వచ్చే ఉంటుంది. రాసి పంపవా? ఆయనకి చెప్పను. నువ్వు మఠంలో చేరాక ఈ ఇంట్లో ఇరవై నాలుగేళ్ళుగా నీ పేరు ఎవరూ ఎత్తలేదని నీకు తెలుసు. రుజార్ పనిచేసే ఓడ డిసెంబరు దాకా రాదు. ఈలోగా మామయ్యకేమైనా అయితే రుజార్‌కి నేనేం చెప్పను?

సిగ్గు విడిచి అడుగుతున్న,
నీ మరదలు పియెదాద్

---

మఠం నుంచి,
జూన్ 29

ప్రియమైన మరదలు పియెదాద్‌కి,

నీ ఉత్తరం మదర్ చదివి నాకిచ్చారు. ఇక్కడ అన్ని ఉత్తరాలూ ముందు ఆవిడే చదువుతారు. నెలకి ఒకటే రాయాలన్నది మా నియమం. "ఈ ముసలాయన తినేదాకా నీకు ఎన్ని కావాలంటే అన్ని రాసుకో" అన్నారు. హౌసీ గురించి చదివినప్పుడు నవ్వు ఆపుకోవడం కూడా చూశాను.

నలభై ఒక్క కిలోలు. ఆ అంకె రెండు రోజులు ప్రార్థనలో నా పక్కనే కూర్చుంది.

నీకు చేతకాదని భయపడకు. నేను చూసినదంతా చూసినట్టే రాస్తాను. రెండు పాళ్ళు ముతక గోధుమపిండి, ఒక పాలు మైదా. ఉప్పు నాన్న ఎప్పుడూ కొలవరు, పిడికిలి మూసి చిటికెన వేలు పక్కనుంచి వదిలేవారు. పొద్దున దించిన కల్లు, వడకట్టి, నురుగు సగం చచ్చాక పోయాలి. నురుగు మీద ఉండగా పోస్తే రొట్టె పులుపెక్కుతుందనేవారు. ఆ తర్వాత పిసకడం. ఎంతసేపని అడగకు, చప్పుడు విను. మొదట్లో బురదలో అడుగేసినట్టు చప్పుడవుతుంది. పోను పోను అది మారుతుంది. చంటిపిల్ల వీపు తట్టినట్టు మెత్తగా, నిండుగా వినపడిందా, ఆపెయ్. నా చిన్నప్పుడు తెల్లవారక ముందే ఆ చప్పుడుకే మెలకువ వచ్చేది.

తర్వాత గుడ్డ కప్పి, రెట్టింపయ్యేదాకా కదపకు. ఉండలు చేసి, పలకమీద తవుడు పరిచి, దాని మీద అరచేతితో అద్దు. బట్టీలో పెట్టాక అది పొంగి, లోపల డొల్లయి, విశ్వాస సంగ్రహ ప్రార్థన సగం చదివేసరికి బూరెలా లేస్తుంది.

నీ పెట్టె సంగతి నాకు తెలియదు. ఏం జరిగిందో రాయి, తోచింది చెప్తాను.

అందరికంటే ముందు నీకోసం ప్రార్థిస్తూ,
ఎర్మెలిందా (ఇక్కడ సిస్టర్ పెర్పెతువా)

---

కార్మోనా,
జులై 9

ప్రియమైన వదినకి,

కొంపకి నిప్పు పెట్టలేదు కానీ, పెట్టినంత పని చేశాను.

పిండి నువ్వు చెప్పినట్టే చేశాను. చప్పుడు మారింది వదినా. నిజంగా మారింది. చేతుల కింద అదేదో ప్రాణమున్న దానిలా వెనక్కి తోసింది. నేను ఒక్క నిమిషం చేతులు తీసేసి చూస్తూ ఉండిపోయాను. మూడు గంటల్లో గిన్నె అంచు దాకా లేచింది. మా నాన్న దించిన కల్లు తాగి ఎంతోమంది పడిపోవడం చూశాను కానీ, ఇలా లేచి నిలబడటం చూడలేదు.

తవుడు దండిగా అద్ది పెట్టెలో పెట్టాను. అదీ నేను చేసిన ఘనకార్యం. ఫ్యాను తిరిగిందో లేదో తవుడంతా లేచి, ఎర్రగా కాలే కమ్మీ మీద పడి, పొగ. తలుపు లాగితే మిగతా తవుడు నా మొహం మీదికి. కళ్ళలో, జుట్టులో, సాంబారు గిన్నెలో. పక్కింటి ఎస్పెరాన్సా బకెట్టు నీళ్ళతో పరిగెత్తుకొచ్చింది. మామయ్య మంచం మీద నుంచి దగ్గుతూ, "ఏం చేస్తున్నావే, తవుడుతో హోళీ ఆడుతున్నావా?" అన్నారు. "మీకు రొట్టె కాలుస్తున్నాను" అన్నాను. "ఆ డబ్బాలోనా? జుట్టు ఆరబెట్టుకునే మెషిను లోపల రొట్టె పెట్టావా?" అని అటు తిరిగి పడుకున్నారు.

రొట్టె మేడిపండు సామెతే. పైన గోధుమరంగు, కింద పాలిపోయి పచ్చి, పొంగనే లేదు. కోళ్ళకి వేశాను.

ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆయన మూడు వారాల తర్వాత మొదటిసారి ఒక పూర్తి వాక్యం మాట్లాడారు. తిట్టే అయినా.

ఇంకా తవుడు దులుపుకుంటున్న,
పియెదాద్

---

మఠం నుంచి,
జులై 17

ప్రియమైన పియెదాద్,

నీ ఉత్తరం భోజనాల గదిలో చదివి వినిపించమన్నారు మదర్. మామూలుగా అక్కడ పునీతుల చరిత్రలు చదువుతాం. తవుడు సాంబారులో పడిన చోట తొంభై ఏళ్ళ సిస్టర్ గుదులా మౌనవ్రతం మరిచి నవ్వారు.

నేను ఆలోచించాను. నీ పెట్టె బట్టీ కాదు, గాలి. అంటే వానాకాలంలో పడమటి తలుపు తెరిచి ఉన్నప్పుడు మన బట్టీ గది ఎలా ఉంటుందో అలా. ఆ రోజుల్లో నాన్న తవుడు పైన చల్లేవారు కాదు. ఉండని తడి గుడ్డ మీద ఒకసారి దొర్లించి, అప్పుడు తవుడులో పెట్టి, మూడు వేళ్ళతో కాదు, మొత్తం అరచేతితో ఒత్తేవారు. మిగిలిన తవుడు దులిపేసేవారు. గాలి ఎత్తుకుపోవడానికి ఏమీ మిగల్చకూడదు.

ఇక కింద పచ్చిగా ఉండటానికి కారణం, నీ బుట్టకి నేల లేదు. రొట్టెని పొంగించేది పై వేడి కాదు, కింది నేల. ఒక పెంకు ముక్క బుట్టలో పట్టేలా కొట్టి, ఖాళీ పెట్టెలో పావుగంట బాగా కాలనిచ్చి, దాని మీద వెయ్యి.

నేనెప్పుడూ చూడని పెట్టె లోపల ఏం జరుగుతోందో ఇక్కడ గదిలో కూర్చుని ఊహిస్తుంటే, నాకే విచిత్రంగా ఉంది. వంట గురించి ఆలోచిస్తున్నానా, ధ్యానం చేస్తున్నానా అని మదర్‌ని అడిగాను. "రెండింటికీ తేడా తెలిసినప్పుడు చెప్పు" అన్నారు.

ప్రేమతో,
ఎర్మెలిందా

---

కార్మోనా,
జులై 26

వదినా,

తప్పు చేశాను.

పైకప్పు పెంకు ముక్క వేడికి రెండుసార్లు పగిలింది. మూడోసారి, మామయ్య పడుకున్నారు కదా అని, వెనక బట్టీ గదికి వెళ్ళాను. బట్టీ నోట్లో చెయ్యి పెట్టి నేల మీది ఇటుక ఒకటి పారతో ఊడదీశాను. నల్లగా, నూనె పట్టినట్టు నున్నగా ఉంది. పట్టుకుని వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో ఆయన. కర్ర పట్టుకుని నిలబడ్డారు. మంచం దిగక పది రోజులయింది, ఆ రోజే దిగాలా?

నా చేతిలో ఇటుక చూశారు. తిట్టినా బాగుండేది. "మా నాన్న పరిచిన నేల" అని మాత్రం అన్నారు. వెళ్ళి పడుకున్నారు. నిన్నటి నుంచి గంజి కూడా ముట్టడం లేదు.

ఆకలి తీర్చబోయి ఆయనకి ఉన్న ఒక్క ఆధారం పెకలించానా? ఇటుక మళ్ళీ అతికించమంటావా? నాకు భయంగా ఉంది. ఈ ఉత్తరం ఎస్పెరాన్సా కొడుకు స్కూటర్ మీద తెస్తున్నాడు. జవాబు వాడి చేతికే ఇవ్వు.

పియెదాద్

---

మఠం నుంచి,
అదే రోజు

పియెదాద్,

అతికించకు. కడగకు కూడా. అరవై ఏళ్ళ తవుడు దానిలోకి ఇంకి ఉంది.

రేపు పొద్దున నాన్న మంచం వంటింటి గుమ్మం దగ్గరికి లాగు. ఆయనతో మాట్లాడకు, బతిమాలకు. ఆయనకి వినపడేలా పిసుకు. ఆ ఇటుక మీదే కాల్చు.

ఇంకొకటి. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. తవుడు అద్దిన ప్రతి రొట్టెనీ నాన్న బట్టీలోకి తోసే ముందు ఒకసారి వెల్లకిలా తిప్పి పడుకోబెట్టేవారు, ఒక మంగళవార్త జపం చెప్పుకునేంత సేపు. మళ్ళీ బోర్లా తిప్పి తోసేవారు. అలా చేస్తే పై చర్మం ఎండదు, లోపలి డొల్ల నడిమధ్య తెరుచుకుంటుంది. మిగతా పొదేర్ల రొట్టె ఒక పక్కకి పొంగేది, మనది అన్ని వైపులా సమానంగా పొంగేది. తిప్పడం మరిచిపోకు.

అబ్బాయి గుమ్మంలో తడుస్తున్నాడు.
ఎర్మెలిందా

---

కార్మోనా,
జులై 30

ప్రియమైన, బంగారు వదినకి,

కూర్చో. కూర్చునే చదువు.

మంచం లాగాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను పిండి మీద పడ్డాను. బురద చప్పుడు అవుతున్నంతసేపూ కదల్లేదు. చప్పుడు మారుతుండగా తల ఇటు తిరిగింది. నేను ఆపబోయాను. "ఇంకో పది దెబ్బలు" అన్నారు, కళ్ళు మూసుకునే. పది కొట్టాను. నువ్వు రాసిన ఆ చంటిపిల్ల చప్పుడు అప్పుడు వచ్చింది వదినా. అంతకుముందు వచ్చిందనుకున్నది అది కాదు.

తడి గుడ్డ, తవుడు, అరచెయ్యి. ఇటుక పావుగంట కాలింది. రొట్టెని వెల్లకిలా తిప్పి జపం మొదలుపెట్టాను. ఆయన మోచేతి మీద లేచి కూర్చున్నారు. నా చేతులవైపే చూస్తున్నారు. నాకు జపం మధ్యలో తప్పిపోయి మళ్ళీ మొదలుపెట్టాను.

ఈ పెట్టెకి చిన్న గాజు కిటికీ ఉంది. అందులోంచి చూశాను. ముందు ఏమీ లేదు. తర్వాత అంచులు కాస్త బిగిశాయి. తర్వాత, ఎవరో లోపల నుంచి ఊపిరి ఊదినట్టు, మొత్తం రొట్టె ఒక్కసారిగా నెమ్మదిగా పైకి లేచింది. ఏ పక్కకీ ఒరగలేదు. నిండు చందమామ. తవుడు ఒక్క రేణువు కదల్లేదు. వదినా, నేను ముగ్గుర్ని కన్నాను. అయినా ఏదైనా పుట్టడం నా కళ్ళతో చూసింది ఇదే మొదటిసారి.  సిలువ గుర్తు వేసుకున్నాను.

తీసి ఆయన చేతికిచ్చాను. వేడి వేడిది అరచేతిలో పెట్టుకుని చెవి దగ్గర పెట్టుకున్నారు. పై పెచ్చు చిటచిటమంటోంది. విన్నారు. చించారు. ఆవిరి వచ్చింది. సగం తిన్నారు. ఉత్తదే, కూర లేదు, నెయ్యి లేదు.  మిగతా సగం కూడా తిన్నారు. ఒడిలో రాలిన తవుడు వేలితో అద్దుకుని తిన్నారు.

అప్పుడు అడిగారు. "తిప్పమని ఎవరు చెప్పారు?"

నేను రెండో ఉండకి తవుడు అద్దసాగాను.

"నా కొడుక్కి చెప్పలేదు నేను. పనివాళ్ళకి చెప్పలేదు. గదికి వీపు పెట్టి చేసేవాణ్ణి. చూడాలంటే వెనక దొడ్డి కిటికీలోంచి చూడాలి. అంత పొద్దున్నే దొడ్లో ఎవరుంటారు..." అని ఆగిపోయారు. ఆ ఇటుక వైపు చూశారు. ఆ తర్వాత, ఈ ఇంట్లో నేను ఎన్నడూ వినని మాట విన్నాను. "ఎర్మెలిన్" అన్నారు. పిలిచినట్టు అన్నారు, దొడ్లోకి వినపడేలా.

రోజుకి రెండు తింటున్నారు. ఇప్పుడు కూర కూడా అడుగుతున్నారు. నిన్న, "ఆదివారం ఆటో మాట్లాడు, మఠానికి పోవాలి. నీ డబ్బా కూడా తీసుకురా" అన్నారు. పైగా ఒక వింత హుకుం. పిండీ నీళ్ళూ కల్లూ కలిపి ఊరకే వదిలెయ్యాలట, పిసకకూడదట. ఎందుకంటే, "నీకెందుకే" అన్నారు. తిట్లు కూడా కోలుకుంటున్నాయి.

నిన్ను చూడాలని ఉన్న,
నీ పియెదాద్

---

మఠం నుంచి,
ఆగస్టు 4

నా ప్రియమైన పియెదాద్,

నిన్న నిన్ను వరండాలో ప్లగ్గు దగ్గర పెట్టెతో కూర్చోబెట్టి, నాన్న ఒక్కరే లోపలికి వచ్చారు. లోపల ఏం జరిగిందో ఆయన నీకు చెప్పి ఉండరు. మూడు గంటల తర్వాత నీకు తెచ్చిచ్చిన ఉండలు ఎవరు చేశారని కూడా నువ్వు అడిగి ఉండవు.

ముందు నేను ఒకటి ఒప్పుకోవాలి. నేను కన్నకూతుర్ని కాబట్టి నాకు వచ్చే ఉంటుందన్నావు. కాదని నేను చెప్పలేదు. పియెదాద్, నేను నా జీవితంలో పిండి పిసకలేదు. నువ్వు కల్లుగీత ఇంటి పిల్లవని నిన్ను దూరం పెట్టారనుకున్నావు. ఆ ఇంట్లో ఏ ఆడదాన్నీ ముట్టనివ్వలేదు, మా అమ్మని కూడా. "ఆడదాని చెయ్యి పడిన పిండి లేవదు" అని మా తాత అనేవాడట. నాకు పన్నెండేళ్ళప్పుడు, ఎవరూ లేరని తొట్టిలో ఒక్క చెయ్యి మణికట్టు దాకా పెట్టాను. నాన్న చూశారు. నన్ను కొట్టలేదు. ఆ తొట్టెడు పిండీ పందులకి పోశారు. ఆ రోజు వాడ మొత్తానికి రొట్టె లేదు. అందరూ ఎందుకని అడిగితే, పిండి చెడిందన్నారు.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు దొడ్డి కిటికీలోంచి చూశాను. నీకు రాసిందంతా ఆ కిటికీలోంచి చూసిందే, విన్నదే. అది నిజంగా రొట్టె అవుతుందో లేదో నాకు తెలియదు. నీ చేతులు అరువు తీసుకుని తెలుసుకున్నాను. నన్ను క్షమించు. నేను దేవుడి పిలుపు విని ఇక్కడికి వచ్చాను, అది అబద్ధం కాదు. కానీ ఆ తొట్టి దగ్గర నాకు చోటుండి ఉంటే ఆ పిలుపు అంత త్వరగా వినపడేదా అని చాలాసార్లు అనుకున్నాను. మదర్ ఈ వాక్యం చదివారు. కొట్టెయ్యలేదు.

నిన్న నాన్న కటకటాల ముందు కూర్చున్నారు. ఇరవై నాలుగేళ్ళు.  మా గోడలో గుండ్రటి చెక్క బీరువా ఒకటి ఉంటుంది, ఇటు పెట్టి తిప్పితే అటు తేలుతుంది. ఎవరైనా ఏమైనా ఇవ్వాలంటే అందులోంచే. అది కిర్రుమంది. తిరిగి నా ముందుకొచ్చింది. నువ్వు కలిపిన పిండి గిన్నె.

"కోడలి చేతిలో లేచింది" అన్నారు అవతలి నుంచి. "మా నాన్న చెప్పిన మాట నేను ఎన్నడూ పరీక్షించి చూడలేదు. నువ్వు కూడా చూడు."

నేను అంగీ చేతులు పైకి మడిచాను. ముట్టుకోవడానికి భయమేసింది. చల్లగా, బరువుగా, వేళ్ళ సందుల్లోకి వచ్చేసింది. ఎన్ని వందలసార్లు చూశానో ఆ పని, ఒక్కటీ చేతులకి తెలియదు. బల్లకి అంటుకుపోయింది. నాన్నకి నేను కనపడను, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. "అరచేతి మొదలుతో తొయ్" అన్నారు. "వేళ్ళతో గిల్లకు." "తిప్పు." "ఆఁ."  చప్పుడు మారినప్పుడు "చాలు" అని ఆపాను. ఆయన ఆపమన్నదీ అదే క్షణంలో. రెండు మాటలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి, మా ఇద్దరికీ నవ్వొచ్చింది.

గుడ్డ కప్పి కూర్చున్నాం. రెండు గంటలు. అమ్మ గురించి, రుజార్ ఓడ గురించి మాట్లాడుకున్నాం. మధ్యమధ్యలో ఆయన చిన్నపిల్లాడిలా అడిగేవారు, "లేచిందా?" "ఇంకా లేదు." "ఇప్పుడు?" మూడోసారి గుడ్డ తీసి చూశాను. గిన్నె అంచు దాటి ఉంది.  "లేచింది నాన్నా" అన్నాను. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఆయన ఏడుస్తున్నారని తెలిసింది. "ఆ తొట్టెడు పిండి కూడా లేచి ఉండేది" అన్నారు చివరికి.

నీ గురించి కూడా ఒక మాట అన్నారు. నీ ముందు చచ్చినా అనరు కాబట్టి రాస్తున్నాను. "దానికి పిండి మాట వినపడుతుంది. నా ఇటుకలన్నీ ఊడదీసుకోమను" అన్నారు.

నువ్వు వరండాలో కాల్చిన రొట్టెల్లో ఒకటి బీరువాలోంచి నా దగ్గరికి వచ్చింది. అన్ని వైపులా సమానంగా పొంగింది. మేం పద్నాలుగు మందిమి పంచుకున్నాం. సిస్టర్ గుదులా చిన్న ముక్క దిండు కింద దాచుకున్నారు.

ముప్ఫై మూడేళ్ళుగా ఒక ప్రశ్న నన్ను పట్టి పీడించింది, నాకు ఆ పని వచ్చునా రాదా అని. దేవుణ్ణి కూడా అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. నిన్న తెలిసింది.

వచ్చు, పియెదాద్.

పొదేర్ బోస్త్యావ్ కూతురు,
ఎర్మెలిందా